గొడవ ముదిరాక కాదు, పునాది తీసిన నాడే

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ కాంట్రాక్టుల వివాదాల వార్తల్లో ‘మధ్యవర్తిత్వం’ అన్న ఒక్క మాటే కనిపిస్తోంది. మీడియేషన్‌కూ అదే, ఆర్బిట్రేషన్‌కూ అదే. మీడియేటర్ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే ఎవరి దారి వారిది. ఆర్బిట్రేటర్ మాత్రం ఇరుపక్షాల వాదనలు విని తీర్పు చెబుతారు. ‘అవార్డు’ అనే ఆ తీర్పు కోర్టు డిక్రీలా అమలవుతుంది. ఈ తేడా తెలియకపోతే, కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3న ఇచ్చిన మార్గదర్శకాల బరువు అర్థం కాదు. దేశీయ ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ నిబంధనను అలవాటుగా చేర్చవద్దనీ, పెట్టినా రూ.10 కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయవచ్చనీ వాటి సారాంశం. పెద్ద ప్రాజెక్టుల గొడవలు ఇక ఏళ్లకు ఏళ్లు సివిల్ కోర్టుల్లో నలగాల్సిందేనా?

సివిల్ ఇంజినీరింగ్ తర్వాత న్యాయశాస్త్రం చదివి, పద్దెనిమిదేళ్లు సింగపూర్, దుబాయ్‌లలో నిర్మాణ వివాదాల ఆర్బిట్రేషన్లలో పనిచేశాను. ఈ వృత్తిలో చట్టాల పుస్తకాల కంటే సైట్ కాగితాలే ఎక్కువ చదువుతాం. రోజువారీ డైరీ, కాంక్రీటు రిజిస్టరు, వానల లెక్క, ఏ డ్రాయింగు ఏ తేదీన చేతికందిందో చెప్పే ఉత్తరాలు. ఒక సొరంగం కేసులో నాలుగు నెలల జాప్యం ఎవరిదో తేల్చింది పేరున్న నిపుణుల నివేదికలు కావు, గేటు దగ్గర వాచ్‌మన్ రాసిన వాహనాల రిజిస్టరు. అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ రూపొందించిన, విదేశాల్లో విరివిగా వాడే నమూనా నిర్మాణ ఒప్పందం 1999 నాటి ప్రతిలో, అదనపు గడువు గానీ డబ్బు గానీ కోరే కాంట్రాక్టర్ 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, లేదంటే హక్కే పోతుంది. అందుకే అక్కడి సంస్థలు పని మొదలైన రోజు నుంచే న్యాయవాదిని వెంట ఉంచుకుంటాయి. మన దగ్గర గొడవ ముదిరాక పిలుస్తారు. అప్పటికి సంబంధిత ఇంజినీరు బదిలీ అయి ఉంటాడు, ఫైలు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు.

ఢిల్లీ మెట్రో సంస్థకూ, విమానాశ్రయ లైను నడిపిన ప్రైవేటు సంస్థకూ మధ్య నడిచిన కేసును గుర్తు చేసుకోవాలి. 2012లో ఒప్పందం రద్దు, 2017లో ప్రైవేటు సంస్థకు అనుకూలంగా సుమారు రూ.2,800 కోట్ల అవార్డు, 2021లో సుప్రీంకోర్టు సమర్థన. 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్‌పై, అంటే తుది తీర్పునూ సరిదిద్దమని కోరే ఆఖరి పిటిషన్‌పై, అదే కోర్టు ఆ అవార్డును కొట్టేసింది. రైళ్లు నడపవచ్చని మెట్రో రైలు భద్రతా కమిషనర్ ఇచ్చిన ధ్రువపత్రం లాంటి కీలక సాక్ష్యాన్ని ట్రిబ్యునల్ (ఆర్బిట్రేటర్ల బృందం) పట్టించుకోలేదన్నది ప్రధాన కారణాల్లో ఒకటి. ఒక్క కాగితాన్ని సరిగా చదవనందుకు పన్నెండేళ్లు! ఇందులో తప్పు ఆర్బిట్రేషన్ పద్ధతిది కాదు. ఇంజినీరింగ్ కాగితాన్ని చదవగల న్యాయవాదులు, ఆర్బిట్రేటర్లు మనకు చాలినంత మంది లేరు.

వారిని తయారుచేసుకోకుండా తలుపు మూసుకోవడం నాకు బాధ కలిగిస్తోంది. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం ప్రారంభమైంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంజినీరింగ్ కళాశాలలకైతే కొదవే లేదు. న్యాయ విద్యార్థి ఒక్క సెమిస్టరు సైటు మీద గడిపి కొలతల పుస్తకం చదవడం నేర్చుకుంటే, మన పిల్లలు ఈ పని కోసం సింగపూర్ వెళ్లనక్కర్లేదు.

పది కోట్ల పరిమితిని కేంద్రం పునరాలోచించాలి. అంతవరకు ఆగకుండా, ప్రతి పెద్ద పనికీ మొదటి రోజు నుంచే రికార్డులు చూసే ఒక న్యాయవాదిని నియమించాలని రెండు తెలుగు రాష్ట్రాల నీటిపారుదల, రహదారుల శాఖలను కోరుతున్నాను. ఆ జీతానికి అంచనాల్లోనే చోటు కేటాయించవచ్చు.

ఇట్లు,
ఒక న్యాయవాది, హైదరాబాద్