రెండు దారులని చెప్పాను, ఉన్నది ఒక్కటే

గత మంగళవారం సాయంత్రం 7 గంటల 42 నిమిషాలకు మీ ఇళ్లకు మేమిచ్చే ఇంటర్నెట్ కుంటుపడింది. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా, 19 గంటలు అలాగే ఈడ్చింది. ఆ రాత్రి ఫోను చేసినవారికి "ఫైబర్ తెగింది" అని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పకపోతే మీకు ముఖం చూపించలేను.

బయటి నెట్‌వర్కుతో మమ్మల్ని కలిపే ఫైబర్ లింకులు రెండు, ఒక్కొక్కటి సెకనుకు 10 గిగాబిట్లు. ఒకటి రహదారి వెంట, రెండోది రైలు పట్టాల వెంట వస్తుందని సరఫరాదారు పటం గీసి ఇచ్చాడు. ఒకటి తెగితే మా రౌటర్లు బీజీపీతో, అంటే ఏ దారి తెరిచి ఉందో నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతితో, ట్రాఫిక్‌ను రెండోదాని మీదికి మళ్లిస్తాయి. ఆ ధీమాతో కొత్త కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంట్లో "మాకు రెండు దారులున్నాయి" అని గొప్పగా చెప్పుకున్నాను.

మంగళవారం రెండు లింకుల అలారాలూ ఒకే సెకనులో మోగాయి. ఓటీడీఆర్ పెట్టి చూశాను. ఫైబర్‌లోకి కాంతిని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి తెగిన చోటు ఎంత దూరమో చెప్పే పరికరం అది. మొదటి లింకుకు 6.2 కిలోమీటర్లని చూపించింది. రెండోదానికీ 6.2 అనే చూపించింది. పరికరం చెడిందనుకుని మళ్లీ పెట్టాను.

చెడలేదు. టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే, పొక్లెయిన్ తవ్విన గుంటలో పగిలిన గొట్టం ఒక్కటే. అందులోంచి వేలాడుతున్న కేబుళ్లు రెండు. ఏడాది కిందట పట్టాల పక్కన ఏవో పనులు జరుగుతుంటే రెండో కేబుల్‌ను "తాత్కాలికంగా" మొదటి గొట్టంలోకి మార్చారట. మాకు చెప్పలేదు, పటం మార్చలేదు, రెండు దారుల అద్దె మాత్రం నెలనెలా వసూలు చేశారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా సరఫరాదారు ఇమిడ్చి చూపించాడు. నిలదీస్తే "కేబుళ్లు వేరువేరే కదండీ" అన్నాడు. ఆ జవాబు నాకింకా మింగుడుపడలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. వేసిన రోజున రెండో దారి మొదటిదానికంటే 5 కిలోమీటర్లు పొడవు. ఈ ఏడాదిలో ఒక్కసారి కొలిచి ఉన్నా అది పొట్టిదైపోయిన సంగతి బయటపడేది. పటాన్ని నమ్మి కొలవలేదు.

ఇక మిగిలింది అత్యవసరానికి ఉంచుకున్న 1 గిగాబిట్ వైర్‌లెస్ లింకు. మన 1,400 ఇళ్ల వాడకమేమో రాత్రి పూట 4 గిగాబిట్లు దాటుతుంది. మొదటి 40 నిమిషాలు దాన్ని దాని మానాన వదిలేశాను, అన్నింటికంటే ఘోరమైన సమయం అదే. లింకులో పట్టని డేటా అంతా అవతలి కొసన బఫర్‌లో, అంటే వంతు వచ్చేదాకా ఆగే చోట, బారులు తీరింది. 20 మిల్లీసెకన్లలో రావలసిన జవాబు 2 సెకన్లకు వచ్చింది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 కిలోబిట్లు పోయే దారి రద్దీతో 40 బిట్లకు పడిపోయింది. ఆ దెబ్బతో పుట్టిన రద్దీ నియంత్రణ, అంటే దారి నిండితే పంపే కంప్యూటరే జోరు తగ్గించుకునే పద్ధతి, వల్లే మనం అంతదాకా పోలేదు.

అప్పుడు ఆ గిగాబిట్‌ను నేనే 950 మెగాబిట్లకు కుదించాను. ఉన్నదే చాలనప్పుడు ఇంకా కోయడమేమిటని మా కుర్రాళ్లే అడిగారు. మనం కాస్త తక్కువ తీసుకుంటే ఆ బారు అవతలివాళ్ల దగ్గర కాకుండా మన రౌటర్‌లో నిలబడుతుంది. మన గుమ్మంలో నిలబడ్డ బారును మనం సర్దగలం.

ఎలా సర్దాలన్నదే నన్ను నమిలేసింది. పెద్ద ప్లాను తీసుకున్నవారికి ముందు ఇవ్వాలా? వీడియోలు ఆపేయాలా? ట్రాఫిక్‌లో చాలా భాగం గుప్తీకరించి ఉంటుంది, ఏది వీడియోనో ఖాయంగా తెలియదు. తెలిసినా మీరేం చూస్తున్నారో తొంగిచూసే పని నాది కాదు. చివరికి ఇంటి లెక్కన సమానంగా పంచాను. డౌన్‌లోడ్ల లెక్కన పంచితే 30 తెరిచిన ఇల్లు 30 వాటాలు పట్టుకుపోతుంది, ఒక కాల్ మాట్లాడుకునే పెద్దాయనకు ఒక్కటే దక్కుతుంది. అందరూ ఒకేసారి లాగితే ఇంటికి 680 కిలోబిట్లు కూడా రావు, కానీ మాటలకు 100 చాలు. 9 గంటలకల్లా కాల్స్ తెగకుండా నిలబడ్డాయి.

పెద్ద ప్లాను వారిలో కొందరికి కోపం వచ్చింది. ఎనిమిదేళ్లుగా మాతో ఉన్న ఒకరు కనెక్షన్ తీసేయించుకున్నారు. వారి కోపం న్యాయమైనదే, అయినా మళ్లీ అలాంటి రాత్రి వస్తే ఇలాగే పంచుతాను. ఇష్టం లేనివారు ఇప్పుడే చెప్పండి, తిట్టుకోను.

ఆ రోజుల రుసుము ఈ నెల బిల్లులో తగ్గుతుంది. వైర్‌లెస్ లింకును 3 గిగాబిట్లకు పెంచుతున్నాం. రెండో ఫైబర్‌ను ఇంకో సరఫరాదారు దగ్గర తీసుకుంటున్నాం, 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా మాకు ఫైబర్ దారి ఒక్కటే, ఎవరడిగినా అదే చెబుతాను. ఈసారి పటం అడగలేదు. వచ్చే ఆదివారం వాళ్ల మనిషిని వెంటబెట్టుకుని, ఆ దారి పొడవునా నడిచి, ప్రతి గుంట మూతా ఎత్తించి చూస్తాను.