వార్షిక నివేదిక 2024–25: పట్టాల శుభ్రత, తుడుపుబండి పనితీరు

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది లేవనెత్తిన విషయం ఒక్కటే. ప్రదర్శన రోజున మన మోడల్ రైల్వేలో నమూనా బళ్ళు నడిమధ్యలో ఆగిపోతున్నాయి, వేలితో తోస్తేగాని కదలడం లేదు. అందుకని ఈ ఏడాది కొత్త ఇంజిన్ల కొనుగోలునీ కొత్త స్టేషన్ కట్టడాన్నీ పక్కన పెట్టి పట్టాల శుభ్రత మీదే పనిచేశాం. ఈ నివేదికలో ముప్పాతిక భాగం దాని గురించే. ఆదాయవ్యయాల పట్టిక, సభ్యత్వాల జాబితా విడిగా జతపరిచాం.

కొత్త సభ్యుల కోసం లేఔట్ (నమూనా పట్టాలు, స్టేషన్లు పరిచిన అమరిక) గురించి నాలుగు మాటలు. పెద్ద భాగం హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. విజయనగరం జంక్షన్, అక్కడి నుంచి హౌరా–చెన్నై మెయిన్ లైను, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు విడిపోయే లైను ఇందులో ఉన్నాయి. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైచిలుకు రావాలి. రెడీమేడ్ పట్టాలు, చక్రాలు దొరికేది 16.5 మి.మీ.కే కాబట్టి దానిమీదే నడుపుతున్నాం. చిన్న భాగం నౌపడ–పర్లాకిమిడి లైను. 1900లో మొదలై 2004 దాకా నారోగేజ్‌గా నడిచిన ఆ లైను వెడల్పు 762 మి.మీ. 1:87లో అది 9 మి.మీ.కి దాదాపు సరిపోతుంది. రెండు భాగాలూ డీసీసీ (పట్టాల గుండానే ఒక్కో ఇంజిన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మీదే నడుస్తాయి.

ముందు తేల్చుకున్నది: మురికా, కరెంటా?

బండి ఆగిన ప్రతిచోటా మురికే కారణమనుకోవడం పొరపాటు. తుడవడానికి ముందు మోటార్‌సైకిల్ ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 10 వాట్ల బల్బుకి రెండు తీగలు కట్టి, ప్రతి పట్టా ముక్క మీదా పెట్టి, బల్బు వెలుగుతుండగా మల్టీమీటర్‌తో వోల్టేజీ చూశాం. బల్బు లేకుండా ఉత్త మీటరు పెడితే వదులు జాయింటు దగ్గర కూడా నిండు వోల్టేజీయే కనిపిస్తుంది. లోడు పడినప్పుడే అది జారుతుంది. తీగ మొనలు ఆనించే చోట పట్టాని ముందు రబ్బరుతో రుద్దాలి. లేకపోతే కొలిచేది జాయింటుని కాదు, మురికినే.

ఆగే చోట్లలో చాలావాటికి మురికితో సంబంధమే లేదని ఇలా తేలింది. పట్టా ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్లు వదులైపోయాయి, లోపల పచ్చగా చిలుమెక్కాయి. సముద్రపు గాలి, ఉక్కపోత ఉన్న మన జిల్లాల్లో ఇది తప్పదు. ఎన్ని రౌండ్లు తిప్పినా తుడుపుబండి (పట్టాలని తుడుస్తూ సాగే వ్యాగన్) ఈ జబ్బుని కుదర్చలేదు. మెయిన్ లైనులో ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి విడిగా ఫీడర్ తీగ (కరెంటు అందించే తీగ) టంకం పెట్టి, లేఔట్ కింద పొడవునా సాగే బస్ తీగకి కలిపాం. ఫిష్‌ప్లేటు ఇప్పుడు పట్టాలని వరసలో నిలిపితే చాలు, కరెంటు దానిమీద ఆధారపడదు. పాయింట్ల (లైను రెండుగా చీలే చోట్ల) కదిలే నాలుకల లోపలి అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన విజిటింగ్ కార్డు ముక్కతో రుద్దాం. ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) గాడిలో, దాని ఎదురుగా చక్రాన్ని దారిలో ఉంచే చెక్‌రైలు సందులో పేరుకున్న గట్టి మురికిని కొబ్బరి చీపురుపుల్ల మొన చెక్కి తీశాం. పిన్నీసు వాడితే ప్లాస్టిక్ ఫ్రాగ్ గీసుకుపోతుంది.

నల్లమసి ఎక్కడిది?

మనం వాడేవి నికెల్ సిల్వర్ పట్టాలు. పేరులో వెండి ఉన్నా అందులో ఉన్నది రాగి, నికెల్, జింకు మాత్రమే. వాటిమీద పేరుకునేదాంట్లో మూడు రకాలున్నాయి. మొదటిది దుమ్ము, దూది నూగు. రెండోది జిడ్డు: గేర్లకి ఎక్కువైన నూనె, వంటింటి పోపుల ఆవిరి, పండగరోజుల్లో సాంబ్రాణి, కర్పూరం పొగ. మూడోదీ అసలుదీ నల్లమసి. చక్రానికీ పట్టాకీ మధ్య జిడ్డు పొర అడ్డుపడ్డ చోట కంటికి ఆననంత చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపుకి జిడ్డు మాడి, లోహం ఆక్సైడ్‌గా మారి, నల్లటి పొర కడుతుంది. ఆ పొర వల్ల ఇంకా మెరుపులు, వాటివల్ల ఇంకా మసి.

ఈ మసిని లేఔట్ అంతా మోసుకుపోయేవి ప్లాస్టిక్ చక్రాలు. ఒక గూడ్సు బండి చక్రాల అంచుల్ని స్క్రూడ్రైవర్‌తో గీకితే ఉంగరంలా ఊడివచ్చింది. లోహపు చక్రాలకి అంత పట్టదు. అందుకే ఈ ఏడాది మన ఉమ్మడి వ్యాగన్లన్నిటికీ లోహపు చక్రాలు వేయించాం. మా అభిప్రాయంలో ఈ ఏడాది ఖర్చుల్లో ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. సభ్యుల సొంత వ్యాగన్లకి ఇంకా ప్లాస్టిక్ చక్రాలుంటే, లేఔట్ మీద పెట్టేముందు వాటిని తుడిచి తేవాలని కోరుతున్నాం.

తుడుపుబండి తయారీ

బజారులో దొరికే తుడుపుబళ్ళు చాలా రకాలు. కొన్నిటికి ద్రవం నింపే ఇత్తడి ట్యాంకు, కింద గుడ్డ ఉంటాయి. కొన్నిటికి గుడ్డ చుట్టిన రోలర్, కొన్నిటికి దుమ్ము పీల్చే మోటారు. మనం ఎంచుకున్నది హార్డ్‌బోర్డు పలక. అమెరికాలో పేరుపొందిన మోడల్ రైల్వే నిర్మాత జాన్ ఆలెన్ కాలం నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి ఇది. పాడైతే చెక్కల దుకాణంలో ముక్క తెచ్చుకుని గంటలో మళ్ళీ చేసుకోవచ్చు. ఇత్తడి రోలరు మీద గుడ్డ చిరిగిందంటే రెండు పట్టాలూ కలిసి షార్ట్ అవుతుంది. హార్డ్‌బోర్డుకి ఆ భయం లేదు.

నాలుగు ఇరుసులున్న పాత కవర్డ్ వ్యాగన్ ఒకటి తీసుకోండి. 3 మి.మీ. మందం హార్డ్‌బోర్డుని 60 మి.మీ. పొడవు, 28 మి.మీ. వెడల్పు కోయండి. గరుకు వైపు కిందికి రావాలి. ముందు, వెనక అంచులని 45 డిగ్రీల వాలుగా అరగదీయండి, లేకపోతే జాయింట్ల దగ్గరా పాయింట్ల దగ్గరా తట్టుకుంటుంది. పలక పైన మధ్యగీత మీద 40 మి.మీ. ఎడంతో రెండు మేకులు ఎపాక్సీతో నిలువుగా అతికించండి. వ్యాగన్ అడుగున మేకు లావుకంటే 1 మి.మీ. ఎక్కువ రంధ్రాలు చేసి వాటిలోకి జొనపండి. పలక తన బరువుతో తానే పట్టా మీద తేలుతూ ఉండాలి, స్ప్రింగు అక్కర్లేదు. పలక పైన 40 గ్రాముల సీసం చాలు. వలలకి కట్టే సీసపు గుళ్ళు కళింగపట్నం, భావనపాడు వైపు సులువుగా దొరుకుతాయి. సుత్తితో చదును చేసి, రంగు పూసి అతికించండి, తర్వాత చేతులు కడుక్కోండి. 15 సెం.మీ. మామూలు వ్యాగన్‌కి సుమారు 110 గ్రాములుండాలన్నది హెచ్‌ఓలో వాడుక సూత్రం. తుడుపుబండిని 180 గ్రాముల దాకా తీసుకెళ్ళాం. అంతకు మించితే ఎత్తుపల్లాల దగ్గర ఇంజిన్ చక్రాలు జారాయి.

28 మి.మీ. వెడల్పు ఎందుకో వివరంగా చెప్పాలి. మొదట 22 మి.మీ. పలక పెట్టాం. తిన్నటి పట్టాలమీద బాగా పనిచేసింది కానీ వంపుల్లో బయటి పట్టా నల్లగానే మిగిలింది. కారణం లెక్కలో ఉంది. మన వ్యాగన్ బోగీల (అడుగున రెండు చివరలా ఉండే చక్రాల చట్రాల) మధ్య దూరం 110 మి.మీ., ఇరుకు వంపు వ్యాసార్ధం 457 మి.మీ. అలాంటి చోట వ్యాగన్ నడుము వంపు లోపలికి 3.3 మి.మీ. జరుగుతుంది. 22 మి.మీ. పలక మధ్య నుంచి అటూ ఇటూ 11 మి.మీ.లే ఉంటుంది. 3.3 పోతే 7.7. బయటి పట్టా లోపలి అంచే మధ్య నుంచి 8.25 మి.మీ. దూరాన ఉంది, కాబట్టి పలక దాన్ని తాకనే తాకదు. 28 మి.మీ. పలకకి 10.7 మిగులుతుంది, పట్టా తల మొత్తం కిందికి వస్తుంది. మీ వంపు ఇంకా ఇరుకైనా, వ్యాగన్ ఇంకా పొడుగైనా, బోగీల దూరాన్ని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించి చూసుకోండి.

రెండో చిక్కు లెవెల్ క్రాసింగులు. పట్టాల మధ్య పరిచిన చెక్కలు పట్టా తలకంటే ఎత్తుగా ఉంటే పలక వాటిమీదికెక్కి పట్టాని వదిలేస్తుంది. వాటిని అర మి.మీ. కిందికి అరగదీశాం. పట్టాల మధ్య కంకర రాయి ఒక్కటి పైకి లేచి ఉన్నా అంతే. మూడోది వానాకాలం. హార్డ్‌బోర్డు తేమ పీల్చి అంచుల దగ్గర ఉబ్బింది. పై వైపుకీ అంచులకీ వార్నిష్ రెండు పూతలు వేసి, కింది వైపు మాత్రం ఖాళీగా వదిలేశాక ఆ ఇబ్బంది తగ్గింది.

ఏ ద్రవం?

సభ్యుల మధ్య ఎక్కువ చర్చ జరిగింది దీనిమీదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జిడ్డుని బాగా తీస్తుంది, త్వరగా ఆరుతుంది. కానీ అది ధ్రువ ద్రావణి, అంటే దాని అణువులో ఒక వైపు కాస్త ధనావేశం, మరో వైపు రుణావేశం ఉంటాయి. ధ్రువత్వం ఎంతో సూచించే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం దానికి 18 దగ్గర ఉంటుంది, కిరసనాయిలుకైతే 1.8 దగ్గర. ధ్రువ ద్రావణుల్ని చివరి తుడుపుగా వాడితే నల్లమసి త్వరగా తిరిగి వస్తుందనీ, అధ్రువ ద్రావణులు మేలనీ ఈ అభిరుచి ఉన్నవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళుగా చెబుతున్నారు. మన లేఔట్ మీద ఒక లూప్‌ని ఆల్కహాల్‌తో, పక్క లూప్‌ని రంగుల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్‌తో ముగించి చూశాం. రెండోది ఎక్కువకాలం మెరుపు నిలిపింది. దీన్ని సిద్ధాంతానికి రుజువుగా చెప్పడం లేదు, మన గదికి మన అనుభవం ఇది. అందుకని గట్టి మురికికి ఆల్కహాల్, చివరి తుడుపుకి టర్పెంటైన్ అని నిర్ణయించాం. కిరసనాయిలు కూడా అధ్రువమే కానీ వాసన రోజులతరబడి పోదు, మరీ జిడ్డుగా మిగులుతుంది.

ఎన్‌సీ థిన్నర్, అసిటోన్ లేఔట్ గదిలోకే రాకూడదు. ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి. టర్పెంటైన్ ఇంజిన్ రబ్బరు టైర్లని ఉబ్బిస్తుంది, కాబట్టి పట్టా పూర్తిగా ఆరాకే అలాంటి టైర్లున్న ఇంజిన్లు ఎక్కాలి. ఆల్కహాల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. టర్పెంటైన్‌కి 40 డిగ్రీల దగ్గర అనుకున్నా, మే నెలలో మన గది ఉష్ణోగ్రత ఆ దరిదాపులకే పోతుంది. కిటికీలు తెరవాలి, సొరంగాల్లో తడి పలకని ఆపి ఉంచకూడదు, దీపం, అగరబత్తి వెలిగించకూడదు.

ఇసుక కాగితం, ఇనుప పీచు గురించి మరోసారి. ఇసుక కాగితం గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే తర్వాతి మసి కూర్చుంటుంది. ఇనుప పీచు ముక్కలు మోటారు అయస్కాంతానికి అతుక్కుని షార్ట్ చేస్తాయి. రెంటినీ పట్టాలు తుడిచే సామాన్ల పెట్టెలోంచి తీసేశాం.

నడిపే పద్ధతి

మొదట పొడి బ్రష్‌తో దుమ్ము, తర్వాత ఒకే బండిలో రెండు తుడుపు వ్యాగన్లు: ముందుది తడి, వెనకది పొడి. తడి పలకకి బాగా ఉతికిన పాత నూలు పంచె గుడ్డ కట్టి 10 నుంచి 12 చుక్కలు వేస్తాం. పట్టా మీద తడి మెరుపు కనపడాలి, చుక్క నిలవకూడదు. ఎక్కువైతే ఫిష్‌ప్లేట్లలోకీ పాయింట్ల గాళ్ళలోకీ మురికినీళ్ళలా దిగుతుంది. కొత్త గుడ్డ పనికిరాదు, నూగు ఇరుసులకి చుట్టుకుంటుంది. పొందూరు ఖద్దరు ఎంత సన్ననిదైనా పది ఉతుకులు పడ్డాకే వాడండి.

ఇంజిన్ లాగాలా, తోయాలా అన్నదానిమీద రెండూ ప్రయత్నించాం. తోస్తే ఇంజిన్ శుభ్రమైన పట్టా మీద నడుస్తుంది కానీ వంపుల్లో తుడుపుబండి పట్టా తప్పుతుంది. లాగడమే నయం. బరువైన డీజిల్ ఇంజిన్, నడక వేగం, ఒక్కో లైనుకి 3 రౌండ్లు. ప్రతి రౌండ్ తర్వాత గుడ్డ చూసి, నల్లబడితే మార్చాలి. మార్చకుండా తిప్పితే మసిని లేఔట్ అంతా సమానంగా పూసినట్టే. హార్డ్‌బోర్డు నల్లబడితే (పలకని మాత్రమే, పట్టాని కాదు) 220 నంబరు ఇసుక కాగితంతో రెండు మూడు సార్లు రుద్దితే కొత్త ముఖం వస్తుంది.

చివర్లో ఇంజిన్ చక్రాలు. ఆల్కహాల్‌లో తడిపిన టిష్యూ పట్టాలమీద పరిచి, ఒక బోగీ దానిమీద, మరో బోగీ పట్టా మీద ఉంచి, చేత్తో పట్టుకుని నడపాలి. తర్వాత బోగీలు మార్చాలి.

తుడుపుబండి ఉన్నది శుభ్రంగా ఉన్న పట్టాని అలాగే ఉంచడానికి. నెలల తరబడి వదిలేసిన లైనుని ముందు చేత్తో రబ్బరు దిమ్మతో రుద్దక తప్పదు. సిరిమానోత్సవానికి ముందు వారం మెయిన్ లైనుని ఇలాగే మొత్తం చేత్తో చేసి, ఆ తర్వాత పక్షానికోసారి బండి తిప్పాం. చేత్తో మళ్ళీ రుద్దాల్సిన అవసరం మెయిన్ లైనులో ఇంకా రాలేదు. యార్డు సైడింగుల్లో వచ్చింది. అక్కడ బళ్ళు కదలవు, దుమ్ము పడుతూనే ఉంటుంది. ఇప్పుడు యార్డు మీద పాత చీరల తెర కప్పుతున్నాం.

డీకోడర్లకి (ఇంజిన్‌లో డీసీసీ ఆదేశాలు అందుకునే చిప్పులకి) కాస్త కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ పెట్టించుకుంటే చాలు కదా అని కొందరు సభ్యులు రాశారు. కరెంటు క్షణం తెగినా శబ్దం ఆగకుండా అది కాపాడుతుంది, పెట్టించుకోవడం మంచిదే. అయితే మురికి ఎక్కడుందో తెలియకుండా కప్పేస్తుంది కూడా. అందుకే తనిఖీకి కెపాసిటర్ లేని బండిని వాడుతున్నాం. బొబ్బిలి–సాలూరు రైల్‌బస్సు నమూనా దీనికి సరిగ్గా సరిపోయింది. రెండే ఇరుసులు, నాలుగే చక్రాలు. ఎక్కడ చిటికెడు మురికి ఉన్నా ముందు ఆగేది అదే.

రానున్న ఏడాదికి

నౌపడ లైను ఇంకా మిగిలే ఉంది. 9 మి.మీ. గేజ్ బళ్ళు తేలిక, ఇంజిన్ బలం తక్కువ, పెద్ద పలకని లాగలేవు. 30 మి.మీ. పొడవు, 16 మి.మీ. వెడల్పు పలకకి 12 గ్రాముల సీసంతో నమూనా తయారవుతోంది. ఆ లైనులో వంపులు మరీ ఇరుకు కాబట్టి 16 మి.మీ. చాలుతుందో లేదో పై లెక్క కట్టి చూసిన తర్వాతే పలక కోస్తాం. పనిలో చేయి వేయదలచిన సభ్యులు తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు. కోసి ఉంచిన 28 మి.మీ. పలకలు, ఉతికిన గుడ్డలు కంట్రోల్ ప్యానెల్ కింద రెండో సొరుగులో ఉన్నాయి. వాడినవాళ్ళు తేదీ, లైను పేరు అక్కడి పుస్తకంలో రాయాలి.

కార్యవర్గం తరఫున