ఈసారి గుడ్లు దక్కలేదు

అందరికీ నమస్తే. అడిగినవాళ్లందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా: మా బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచే ఒక రకం కొండచిలువ) పెట్టిన 7 గుడ్లలో ఒక్కటీ మిగల్లేదు. రెండు మొదటి రోజే తేలిపోయాయి, పసుపుపచ్చగా, చిన్నగా ఉన్న, పిల్ల కట్టని ఒట్టి గుడ్లు. మిగతా ఐదింటికీ టార్చి వేస్తే ఎర్రటి నరాలు చక్కగా కనిపించాయి. 55-60 రోజులకు పిల్లలు రావాలి. ఐదో వారంలో ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే యంత్రం) వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మొరాయించి వేడి 36 డిగ్రీలు దాటింది, ఉండాల్సింది 31-32. నేను ఊళ్లో లేను. తర్వాత నరాలు ఒక్కొక్క గుడ్డులో మాయమవుతూ వచ్చాయి.

కొత్తవాళ్లకు ఒక మాట. బూజు కనిపించగానే గుడ్డు పారేయకండి, లోపల నరాలు కనిపిస్తుంటే ఆశ ఉన్నట్టే. సొట్ట పడితే తేమ తగ్గిందేమో చూడండి. చూసేటప్పుడు మాత్రం గుడ్డును తిప్పొద్దు. విడిగా ఇంకో థర్మామీటరు పెట్టుకోండి. నేను పెట్టలేదు.

తల్లి పాము బాగానే ఉంది. గుడ్ల వాసన పోయేలా గోరువెచ్చని నీళ్లతో కడిగి, పెట్టె శుభ్రం చేశాక మొన్న ఎలుకను మింగింది. వచ్చే ఏడాది దాన్ని జత కట్టించను, ఒళ్లు చేయనీ.

'గుడ్లే కదా' అన్నాడు మా తమ్ముడు. వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.