కోడింగ్ పోటీ అంటే క్విజ్ కాదు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా స్థాయి కోడింగ్ పోటీల గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ఫొటోలో శాలువాలు, జ్ఞాపికలు, వేదిక నిండా పెద్దలు కనిపించారు. పిల్లలకు ఏ ప్రశ్నలు ఇచ్చారు, ఎన్ని గంటలు పోటీ పెట్టారు, గెలిచినవాళ్లు ఏం సాధించి గెలిచారు అన్న ముచ్చట మాత్రం వార్తలో ఎక్కడా లేదు. అది విలేకరి తప్పు కాదు, అక్కడ జరిగింది అంతే. బిట్ల ప్రశ్నపత్రం ఒకటి, ఆపైన ఐదు నిమిషాల పీపీటీ. కంప్యూటర్ పితామహుడెవరు, ర్యామ్ అంటే ఏమిటి అని అడిగి దానికి ప్రోగ్రామింగ్ పోటీ అని పేరు పెట్టారు. కబడ్డీ పోటీకి రమ్మని పిలిచి, కోర్టు పొడవెంతో చెప్పినవాడికి కప్పు ఇచ్చినట్టుంది. ఉపన్యాసాలు మధ్యాహ్నం దాకా సాగాయి కాబట్టి ఆ పరీక్షకైనా ముప్పావుగంటే మిగిలింది.

అసలు పోటీ ఎలా ఉంటుందో అధికారులకు తెలియాలని ఒక్క లెక్క చెబుతాను. రెండు లక్షల మంది రైతులు వరుసగా ధాన్యం అమ్మారు, ఒక్కొక్కరు 20,000 కిలోల దాకా. వరుసలో ఫలానా రైతు నుంచి ఫలానా రైతు దాకా కలిపి ఎన్ని కిలోలు అని రెండు లక్షల ప్రశ్నలు అడుగుతారు. అన్నింటికీ ఒక్క సెకనులో జవాబు రావాలి. అడిగిన ప్రతిసారీ మొదటినుంచి కూడుకుంటూ పోతే, గడ్డు సందర్భంలో 4,000 కోట్ల కూడికలు పడతాయి. సెకనుకు పది కోట్ల చిన్న పనులు అన్నది పోటీల్లో వాడే మోటు లెక్క. ఆ చొప్పున ఆరు నిమిషాలు దాటిపోతుంది. ఆలోచించే పిల్లవాడు మొదటి రైతు నుంచి ఒక్కొక్కరి దాకా వచ్చే మొత్తాలను ఒకేసారి వేసి దాచుకుంటాడు. 500 నుంచి 900 దాకా ఎంత అంటే, 900 దాకా ఉన్న మొత్తంలోంచి 499 దాకా ఉన్నది తీసేస్తాడు. ఒక్క తీసివేతతో సరి. దీన్నే ప్రిఫిక్స్ సమ్ అంటారు.

అయినా పని అయిపోదు. అందరి ధాన్యం కలిస్తే 400 కోట్ల కిలోల దాకా పోవచ్చు. సీ ప్లస్ ప్లస్ భాషలో పూర్ణసంఖ్యను దాచే మామూలు ఇంట్‌లో పట్టేది 214 కోట్ల పైచిలుకే. పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ అని రాయడం మరిచిపోతే 400 కోట్లకు బదులు మైనస్ 29,49,67,296 అని వస్తుంది. ఆలోచన బంగారంలా ఉన్నా అంత పెద్ద మొత్తాలు వచ్చే టెస్టులకు సున్నాయే. పోటీ అంటే ఇదీ. పిల్లవాడు రాసిన ప్రోగ్రాంను ముందే సిద్ధం చేసిన పదిహేనో ఇరవయ్యో రహస్య టెస్టుల మీద యంత్రం నడిపి మార్కులు వేస్తుంది. ముఖం చూసి, ఇంగ్లిషు చూసి, పీపీటీ రంగులు చూసి మార్కులు పడే అవకాశమే ఉండదు. ప్రభుత్వ బడి పిల్లలకు ఇంతకు మించిన న్యాయం ఏ పోటీలో దొరుకుతుంది?

మన ల్యాబుల సంగతి చూడండి. చాలాచోట్ల ఇప్పటికీ టర్బో సీ ప్లస్ ప్లస్ అనే కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చేది) మీదే నేర్పుతున్నారు. గత శతాబ్దపు డాస్ కాలం సరుకు అది. అందులో ఇంట్‌కు పట్టేది 32,767 వరకే. పై లెక్కలో ఇద్దరు రైతులు ఇరవై వేలేసి కిలోలు అమ్మితే చాలు, మొత్తం మైనస్ 25,536 అని చూపిస్తుంది. 64 కేబీ దాటిన అర్రేను (సంఖ్యల వరుసను) ఒప్పుకోదు గనుక రెండు లక్షల సంఖ్యలు దాచుకునే వీలే లేదు. అందులో అలవాటైన వాయిడ్ మెయిన్, కోనియో డాట్ హెచ్ లాంటి పాత రాతలు పట్టుకుని పిల్లలు బయటి పోటీకి వెళితే అక్కడి కంపైలర్ మొదటి లైన్లలోనే తిప్పి కొడుతుంది. నేటి కంపైలర్ జీ ప్లస్ ప్లస్ ఉచితం, ప్రోగ్రాం రాసుకునే కోడ్ బ్లాక్స్ ఉచితం, పాత డెస్క్‌టాప్‌ల మీద కూడా నడుస్తాయి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేస్తే ల్యాబుకు ఒక పూట పని. దీనికి జీవో కావాలా?

ఇక ఇంటర్నెట్ లేదు, కరెంటు పోతుంది అన్న సాకులు. పోటీకి ఇంటర్నెట్ అక్కర్లేదు, అసలు ఉండకూడదు. ఉంటే చాట్‌జీపీటీ రాసిపెడుతుంది. సర్వర్‌గా ఒక ల్యాప్‌టాప్, ఒక నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు, కాలేజీ ల్యాబులో ఎలాగూ ఉండే కంప్యూటర్లు, వాటికి యూపీఎస్. అంతే. బడి పిల్లల అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్‌లో వాడే సీఎంఎస్, కాలేజీ స్థాయి ఐసీపీసీ పోటీల్లో వాడే డామ్‌జడ్జ్ అనే దిద్దే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగానే దొరుకుతాయి. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. అసలు పోటీకి ముందు అరగంట, రెండు సంఖ్యలు కూడే లెక్కతో అభ్యాసం చేయించాలి. లేకపోతే సగం మంది ‘ఎంటర్ ఎ నంబర్’ అని తెరమీద అచ్చువేస్తారు, యంత్రం దాన్ని కూడా జవాబులో భాగమనుకుని తప్పు వేస్తుంది. టైమ్ లిమిట్‌ను ప్రశ్న తయారుచేసినవారి ప్రోగ్రాంకు పట్టే సమయానికి రెండు మూడు రెట్లు పెట్టాలి. ఒక్క సంఖ్యే ఉన్న టెస్టు, అన్నీ గరిష్ఠంగా ఉన్న టెస్టు తప్పక ఉండాలి. చివరి పది నిమిషాల్లో అందరూ ఒకేసారి సబ్మిట్ నొక్కుతారు, అప్పుడు సర్వర్ చతికిలపడకుండా ముందురోజే ఒకసారి అలా నొక్కించి చూడాలి. రైతులూ ప్రశ్నలూ వెయ్యేసి మాత్రమే ఉన్న చిన్న టెస్టులకు విడిగా ముప్పై మార్కులు పెడితే, ప్రతిసారీ కూడుకుంటూ పోయే ప్రోగ్రాంతోనైనా మొదటిసారి వచ్చిన పిల్లలు కూడా ఉత్త చేతులతో తిరిగి వెళ్లరు. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ, కాకినాడలో జేఎన్‌టీయూ పెట్టుకుని ఈపాటి సాయం అడిగేవారు లేరంటే బాధగా ఉంది.

కంప్యూటరే లేని బడికి కూడా దారి ఉంది. దాన్ని ఎవరూ చెప్పకపోవడమే అన్నింటికన్నా అన్యాయం. ఐఏఆర్‌సీఎస్ సంస్థ నడిపే ఇండియన్ కంప్యూటింగ్ ఒలింపియాడ్‌లో తొలిమెట్టు జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్. అది కలం, కాగితంతో రాసే పరీక్ష. ప్రోగ్రాం రాయక్కర్లేదు, లెక్కలు చదివి ఆలోచించి జవాబుగా సంఖ్యలు వేయాలి. ప్రోగ్రాం రాసేవారికి జోనల్ కంప్యూటింగ్ ఒలింపియాడ్ వేరే ఉంది. వాటిలో ఏ ఒక్కటి దాటినా జాతీయ స్థాయి, ఆపైన శిక్షణ శిబిరం, చివరికి నలుగురు దేశం తరఫున అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు వెళతారు. 1989లో బల్గేరియాలో మొదలైన పోటీ అది. రెండు రోజులు, రోజుకు ఐదు గంటలు, మూడేసి ప్రశ్నలు, మొత్తం 600 మార్కులు. పాత ప్రశ్నపత్రాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. జిల్లా విద్యాశాఖ నుంచి వచ్చే సర్క్యులర్ల వరదలో దీని గురించి ఒక్కటి వచ్చిందా? ఏ ప్రధానోపాధ్యాయుడిని అడిగినా పేరే వినలేదంటారు.

పరికరాలు కొనడంలో మాత్రం మనవాళ్లు ఎప్పుడూ వెనకబడలేదు. అటల్ టింకరింగ్ ల్యాబుకు బడికి 20 లక్షల దాకా కేంద్రం ఇస్తుంది, త్రీడీ ప్రింటర్లు దుమ్ముకొట్టుకుపోతున్నాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. వీడియో పాఠాలు చూడటానికి సరే, కీబోర్డు లేకుండా తెరమీద వేళ్లతో సీ ప్లస్ ప్లస్ కొట్టమంటే ఎవరివల్ల అవుతుంది? పదో తరగతి దాటాక కథ ఇంకా దారుణం. ఎంపీసీలో చేరిన పిల్లవాడిని కార్పొరేట్ కాలేజీలు రెండేళ్లపాటు కంప్యూటర్ దరిదాపులకు రానివ్వవు. ఒలింపియాడ్‌కు రెండో సంవత్సరం వాళ్లు కూడా అర్హులే. కానీ ఆ ఒక్కరోజు సెలవు కోసం తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ గది బయట నిలబడి బతిమాలుకోవాలి. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకుకు పనికిరాని తెలివి తెలివే కాదని మన గోదావరి జిల్లాల్లో ఎప్పుడు తీర్మానించారో తెలియదు.

అధికారులను కోరేది పెద్దదేమీ కాదు. ఈ విద్యా సంవత్సరంలోనే ఒక ఆదివారం, మూడు గంటల అసలైన పోటీ పెట్టండి. ఉపన్యాసాలు బహుమతుల వేళకు వాయిదా వేయండి. జోనల్ పరీక్షల దరఖాస్తు తేదీలను మండల విద్యాధికారుల ద్వారా ప్రతి ఉన్నత పాఠశాలకు, జూనియర్ కాలేజీకి చేర్చండి. మీ పత్రిక కూడా ఆ తేదీలను జిల్లా పేజీలో వేస్తే ఎంతో మేలు. పోటీ అయిన సాయంత్రమే ప్రశ్నలు, టెస్టులు, సరైన జవాబులు అన్ని బడులకూ పంపాలి. పిల్లలు నేర్చుకునేది వాటిని ఇంటిదగ్గర మళ్లీ చేసినప్పుడే. మొన్నటి పోటీ ప్రశ్నపత్రాన్ని హాల్లోనే వెనక్కి తీసేసుకున్నారు, నేటికీ ఎవరికీ ఇవ్వలేదు.

— ఒక పాఠకుడు, పాలకొల్లు