గ్రూపులో పెట్టిన మాట ఎక్కడికి పోతోంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల ఒక రాత్రి వాన పడుతుండగా కరెంటు సంస్థలో నేను లైన్ ఇన్‌స్పెక్టర్ (ఎల్.ఐ.)గా పనిచేసిన పాత సెక్షన్ నుంచి ఒక జూనియర్ లైన్‌మన్ ఫోన్ చేశాడు. "ఎల్.ఐ. గారూ, చెరువు గట్టు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రిటర్న్ సప్లయి వస్తుందని మీరు అప్పట్లో వాట్సాప్ గ్రూపులో పెట్టారంట కదా. ఏ స్తంభం మీదో గుర్తుందా అండీ?" అని అడిగాడు.

రిటర్న్ సప్లయి అంటే ఆపేసిన లైనులోకి వేరే దారిలో వచ్చే కరెంటు. గుర్తుంది కాబట్టి చెప్పాను. బడి మలుపులో ఉన్న స్తంభం మీద వీధి లైట్ల వైరు పక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. చెరువు గట్టు ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ తీసేసినా ఆ ఒక్క వైరులో కరెంటు ఉంటుంది. ముందు అదీ ఆపించి, టెస్టర్ పెట్టి చూసుకుని, వైర్లను భూమికి కలిపే ఎర్తింగ్ రాడ్లు వేశాకే స్తంభం ఎక్కమన్నాను. దిగాక మళ్లీ ఫోన్ చేయమన్నాను. పన్నెండు దాటాక చేశాడు. అప్పటిదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఆ స్తంభం ఫొటో నేను గ్రూపులో పెట్టింది 2019లో. అప్పుడు సెక్షన్‌లో అందరూ చూశారు. తర్వాత గ్రూపు నడిపే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు బదిలీ అయ్యారు, కొత్తగా వచ్చినవారు కొత్త గ్రూపు పెట్టారు. నేను 2021లో రిటైరయ్యాను. నా పాత ఫోన్ చెడిపోయింది. ఈ అబ్బాయి ఉద్యోగంలో చేరిందే ఆ తర్వాత. ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటి, సంస్థలో ఎక్కడా లేకుండా పోయి, రిటైరైన ఒక మనిషి జ్ఞాపకంలో మిగిలింది. ఆ రాత్రి నేను ఫోన్ ఎత్తకపోతే? ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

నేను వాట్సాప్‌కు వ్యతిరేకిని కాను. అది రాకముందు మా పని ఎలా ఉండేదో తెలిసినవాణ్ని. విద్యుత్ బోర్డు రోజుల్లో హెల్పర్‌గా చేరాను. ఏదైనా అర్థం కాకపోతే మా లైన్‌మన్‌నో, సబ్‌స్టేషన్ ఆపరేటర్‌నో అడగాలి. వాళ్లకూ తెలియకపోతే అంతే. పది మైళ్ల అవతల సెక్షన్‌లో అదే చిక్కును నిన్ననే ఎవరో విప్పి ఉండవచ్చు, మాకు తెలిసే దారి లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నం వెళ్లిన గ్యాంగుల్లో నేనూ ఉన్నాను. సెల్ టవర్లు కూడా పనిచేయడం లేదు. ఎన్ని స్తంభాలు కావాలో, ఎంత కండక్టర్ వైరు కావాలో చీటీ రాసి లారీ డ్రైవర్ చేతికిచ్చి పంపేవాళ్లం. ఆ చీటీ చేరిందో లేదో మర్నాడు సామాను వస్తే గానీ తెలిసేది కాదు.

నాలుగేళ్లకు, 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటల్లోకి వెళ్లాం. మొదట్లో అక్కడా సిగ్నల్ లేదు. సిగ్నల్ వచ్చాక మాత్రం పని వేగం మారిపోయింది. ఏ ఊళ్లో క్రేన్ ఖాళీగా ఉంది, ఏ దారిలో చెట్లు తీసేశారు, ఎవరి దగ్గర పిన్ ఇన్సులేటర్లు మిగిలాయి, అన్నీ గ్రూపులో వెంటనే తెలిసేవి. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూడని వేర్వేరు జిల్లాల వాళ్లం ఒక్క సెక్షన్ వాళ్లలా పని చేశాం. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఒకప్పుడు గ్రూపులో వంద మందికే చోటుండేది. 2016లో అది 256 అయింది, 2022లో 1024 అయింది. అంటే ఒక డివిజన్ మొత్తం ఒకే గదిలో కూర్చున్నట్టే.

అయితే అంతమంది మాట్లాడే గదిలో పొద్దున అన్న మాట సాయంత్రానికి దొరకదు. గుడ్ మార్నింగులు, పుట్టినరోజు శుభాకాంక్షలు, బకాయిల జాబితాలు, మీటింగు ఫొటోల కింద అది పూడిపోతుంది. ఇంకొకటి కూడా చూశాను. పై అధికారులు ఉన్న గ్రూపులో కింది వాళ్లు "నోటెడ్ సర్" తప్ప ఇంకేమీ రాయరు. నాకు అర్థం కాలేదు అని రాస్తే ఏమనుకుంటారో అని టెన్షన్. అసలు సందేహాలన్నీ అధికారులు లేని ఇంకో చిన్న గ్రూపులో నడుస్తాయి. కాబట్టి నిజమైన చిక్కులు అధికారులకు తెలియవు, అధికారులకు తెలిసిన పరిష్కారాలు చిన్న గ్రూపుకు రావు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది లైన్ క్లియర్ సంగతి. లైనులో కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి అది. మేం ఎల్.సి. అంటాం. లైను మీద పని చేసేవాడు ఆపరేటర్‌ని అడిగి ఎల్.సి. తీసుకోవాలి. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) పేరు, టైము, ఎల్.సి. నంబరు ఒకరు చెబితే ఇంకొకరు తిరిగి చదవాలి, ఇద్దరూ పుస్తకాల్లో రాసుకోవాలి. తీసుకున్నవాడే పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఒక వేసవిలో ఒకే 11 కె.వి. ఫీడర్ మీద రెండు గ్యాంగులం వేర్వేరు చోట్ల పని చేస్తున్నాం. మొదటి గ్యాంగు వాళ్లు "పని అయిపోయింది, లైన్ చార్జ్ చేయొచ్చు" అని గ్రూపులో పెట్టారు. ఆపరేటర్ అది చూసి కరెంటు ఇవ్వడానికి బ్రేకర్ వేయబోయాడు. చేయి పెట్టే ముందు అలవాటు ప్రకారం పుస్తకం చూశాడు. రెండో ఎల్.సి. ఇంకా తిరిగి రాలేదని అందులో ఉంది, ఆగిపోయాడు. ఆ రెండో ఎల్.సి. నాది. మా కుర్రాడు అప్పుడు స్తంభం మీదే ఉన్నాడు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఇదంతా చెబితే తను ఒక మాట అంది: "నాన్నా, మేమూ గ్రూపుల్లోనే మాట్లాడుకుంటాం. కానీ సమస్య తేలాక, ఎలా తేలిందో వికీ పేజీలో రాసి గానీ వదలం." వికీ అంటే నాకు తెలుగు వికీపీడియా ఒక్కటే తెలుసు, 2003 నుంచి ఉంది కదా. దాన్ని నడిపించే పద్ధతి ఇంకా పాతదట. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1995లో మొదటి వికీని పెట్టింది తోటి ప్రోగ్రామర్లు తమ అనుభవాలు రాసి ఉంచుకోవడానికేనట. ఎవరైనా రాయవచ్చు, తప్పుంటే ఇంకొకరు అక్కడే దిద్దవచ్చు, ముందు ఏముందో కూడా చూడవచ్చు. గ్రూపులో అయితే తప్పు మాట ఒకచోట, దిద్దిన మాట ఇంకోచోట పడి ఉంటాయి.

తను చెప్పిన జిరాక్స్ కంపెనీ కథ నాకు ఇంకా నచ్చింది. జూలియన్ ఓర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు ఆ కంపెనీ మెషిన్లు బాగుచేసే మెకానిక్‌ల వెంట తిరిగాడు. వాళ్లు పని నేర్చుకునేది మాన్యువల్ చదివి కాదని, భోజనాల దగ్గర కూర్చుని ఒకరి అనుభవం ఒకరికి చెప్పుకునే కబుర్లలోనని గమనించాడు. తర్వాత 1990లలో కంపెనీ యురేకా అనే ఏర్పాటు చేసింది. మెకానిక్ తను కనిపెట్టిన చిట్కా అందులో రాస్తాడు, తోటి అనుభవజ్ఞులు పరీక్షించి ఒప్పుకుంటే రాసినవాడి పేరుతోనే అందరికీ అందుతుంది. మా లైన్‌మన్లు టీ కొట్టు దగ్గర చేసేది సరిగ్గా ఆ కబుర్లే. వాటిని పేరుతో సహా దాచేవాళ్లే లేరు.

కరెంటు సంస్థలకే కాదు, బస్సులు, నీళ్లు, ఆస్పత్రులు నడిపే పెద్ద సంస్థలన్నిటికీ నా విన్నపం ఇది. గ్రూపులు ఉండనివ్వండి. వాటితో పాటు సెక్షన్‌కొక తెలుగు పేజీ తెరవండి, ఫోన్‌లో వెతికితే దొరికేలా. రిటర్న్ సప్లయి వచ్చే చోట్లు, వానాకాలంలో ట్రిప్ అయి ఆగిపోయే ఫీడర్లు, జంపర్లు (వైర్లను కలిపే తీగ ముక్కలు) తెగే స్తంభాలు పని చేసేవాళ్లే రాయాలి. రాసింది అనుభవం ఉన్న ఇద్దరు చూడాలి, రాసినవాడి పేరు అక్కడ ఉండాలి. "తెలియదు" అని రాసినందుకు ఎవరినీ ఒక్క మాట అనకూడదు. బదిలీ అయ్యేవాళ్ల దగ్గర, రిటైరయ్యేవాళ్ల దగ్గర సామాను లెక్క తీసుకున్నట్టే వాళ్లకు తెలిసింది కూడా రాయించుకుని పంపాలి. నన్ను పూలదండ వేసి గౌరవంగా పంపారు, ఆ ఆప్యాయత మరిచిపోలేను. కానీ నీకు తెలిసింది చెప్పి వెళ్లు అని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఎల్.సి.ని మాత్రం దయచేసి ఏ గ్రూపులోకీ రానివ్వకండి. అది గొంతు విని, నంబరు చెప్పి, పుస్తకంలో రాసుకోవలసిన పని.

ఆ రాత్రి తర్వాత ఒక నోటుపుస్తకం కొన్నాను. నేను పనిచేసిన ఫీడర్ల మీద ప్రమాదం పొంచి ఉన్న చోట్లు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను. ఇప్పటికి ముప్పై ఒకటి అయ్యాయి. రెండు చోట్ల స్తంభం సరిగా గుర్తు రాక, పాత మిత్రులకు ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాను. మా సెక్షన్‌లో అలాంటి పేజీ ఎవరైనా తెరిస్తే పుస్తకం తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్