టెట్‌లో బండూరా, తరగతిలో బెత్తం: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం.

టెట్ (టీచరు అర్హత పరీక్ష), డీఎస్సీ (టీచరు ఉద్యోగ నియామక పరీక్ష) కోచింగుల్లో సైకాలజీ ఎలా చెబుతారో మీ చెవిన ఎవరైనా వేశారో లేదో. ప్రయోగం దేనితో చేశారో చూసి శాస్త్రవేత్త పేరు చెప్పెయ్యాలి. కుక్క అంటే పావ్‌లోవ్. పిల్లి అంటే థార్న్‌డైక్. ఎలుక, పావురం అంటే స్కిన్నర్. చింపాంజీ అంటే కోహ్లర్. బోబో బొమ్మ అంటే బండూరా. ప్రశ్నలో జంతువు కనపడగానే చెయ్యి దానంతటదే సరైన ఆప్షన్ మీదికి పోవాలి. నిబంధనం (ఒక సంకేతానికి ఒక స్పందనను అలవాటు చెయ్యడం) గురించిన పాఠాన్ని నిబంధనంతోనే నేర్పేస్తున్నారన్నమాట! అభ్యర్థుల్ని తప్పుపట్టలేం. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసానివే. ఉద్యోగం కావాలి కదా.

నేను డైట్‌లో, అంటే జిల్లా టీచరు శిక్షణ సంస్థలో, ఏళ్ల తరబడి ఈ సబ్జెక్టే చెప్పి రిటైరైనవాణ్ని. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు జిల్లా అంతటా ఎస్జీటీలుగా (ప్రాథమిక తరగతుల టీచర్లుగా), హెచ్ఎంలుగా ఉన్నారు. పునర్బలనం (చేసిన పనిని మళ్లీ చేసేలా బలపరచడం) అంటే ఏమిటో, దండన ఎందుకు పనిచేయదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. అయినా వాళ్ల బళ్లకు వెళితే టేబుల్ మీద హాజరుపట్టీ పక్కన బెత్తం ఉంటుంది. బెత్తం లేకపోతే స్కేలు, అదీ లేకపోతే గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం. చదివినదాన్ని తరగతిలోకి తీసుకెళ్లే దారి వాళ్లకు మనం వెయ్యలేదు. ఈ ఉత్తరం అందుకే.

పిల్లల్ని కొట్టకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే జీవో వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. అతిక్రమిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తప్పదని అదే సెక్షన్ చెబుతుంది. కాగితం మీద లోటేమీ లేదు. మరి బెత్తం ఎందుకు పోలేదు? టీచర్లు చెడ్డవాళ్లు కాబట్టి అనే జవాబు నేను ఒప్పుకోను. జవాబు వాళ్లు చదివిన పాఠంలోనే ఉంది.

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ ఒకటి చూడండి. నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో. సింగిల్ టీచర్. ఐదో తరగతికి భాగాహారం చెబుతుంటే నాలుగో తరగతి వైపు నుంచి గోల మొదలవుతుంది. టీచర్ రెండుసార్లు 'ష్' అంటారు. ఆగదు. బెత్తంతో టేబుల్ మీద ఫెడీమని ఒక్కటి వేస్తారు, ఆనక ముందు బెంచీలో ఉన్నవాడి వీపు మీద ఒకటి. గది నిశ్శబ్దం. ఈ ఘట్టంలో నేర్చుకున్నది ఎవరు? పిల్లవాడు భాగాహారం నేర్చుకోలేదు. నేర్చుకున్నది టీచరు. ఇబ్బంది పెడుతున్న గోల ఒక్క దెబ్బతో, అదీ రెండు సెకన్లలో మాయమైంది. మా పుస్తకాల్లో దీన్నే రుణాత్మక పునర్బలనం అంటాం. బాధపెట్టేది తొలగిపోతే, దాన్ని తొలగించిన పని మళ్లీ చెయ్యబుద్ధవుతుంది. చాలామంది దీన్ని దండనతో కలిపేసుకుని బిట్టు తప్పు పెడతారు. ఈ ఒక్క గదిలో మాత్రం రెండూ జరుగుతున్నాయి: పిల్లవాడికి దండన, టీచరుకు పునర్బలనం. దండన ప్రవర్తనను తాత్కాలికంగా అణచిపెడుతుందే తప్ప చెరిపెయ్యదని స్కిన్నర్ ఎలుకల మీద చూసి చెప్పాడు. పావుగంటకు గోల మళ్లీ వస్తుంది. బెత్తం మళ్లీ లేస్తుంది. ఈసారి కాస్త త్వరగా.

థార్న్‌డైక్ సంగతీ ఇదే. పెట్టెలో పెట్టిన పిల్లుల మీద ఆయన 1898లో ప్రచురించిన పనిలోంచి వచ్చిన ఫలిత నియమం మనవాళ్లకు కంఠతా వచ్చు: సంతృప్తినిచ్చేది బలపడుతుంది, అసంతృప్తినిచ్చేది బలహీనపడుతుంది. కానీ 1930ల మొదట్లో ఆయనే రెండో సగాన్ని వెనక్కి తీసుకున్నాడు. శిక్ష తప్పును చెరిపేంత పని చెయ్యడం లేదని తేల్చుకున్నాడు. నేను చూసిన గైడ్లలో ఆ సవరణ చేరినవి తక్కువ. మనకు మాత్రం 'దండం దశగుణం భవేత్' అనే మాట ఇప్పటికీ చెల్లుబాటవుతూనే ఉంది.

ఇప్పుడు దెబ్బ తిన్నవాడి సంగతి. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ అని పిలిచిన పసివాడి మీద ఒక ప్రయోగం చేశారు. తొమ్మిది నెలలప్పుడు ఆ పిల్లవాడికి తెల్ల ఎలుకంటే ఏ భయమూ లేదు. పదకొండో నెలలో, వాడు ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనకనుంచి ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకే ఎలుక కనిపిస్తే చాలు ఏడ్చి పక్కకు పాకిపోయాడు. కుందేలును చూసినా, కుక్కను చూసినా, బొచ్చు కోటును చూసినా అదే భయం. ఈ రోజు అలాంటి ప్రయోగానికి ఏ విశ్వవిద్యాలయమూ అనుమతివ్వదు. ఎవరి అనుమతీ అడగకుండా మన బడుల్లో రోజూ జరుగుతున్నది చూడండి. ఎనిమిదో ఎక్కం దగ్గర దెబ్బ పడింది. మొదట భయం దెబ్బది. తర్వాత ఎనిమిదో ఎక్కానిది. ఆ తర్వాత లెక్కల పీరియడ్‌ది, లెక్కల మాస్టారిది, చివరికి సోమవారం పొద్దుటిది. 'అమ్మా, కడుపునొప్పి' అన్న పిల్లవాడు అబద్ధమాడుతున్నాడని అందరూ అనుకుంటారు. వాడికి నిజంగానే కడుపులో తిప్పుతుంది. వేసవి సెలవుల్లో తగ్గినట్టే ఉంటుంది, జూన్‌లో బడి తెరవగానే మళ్లీ మొదలు. పోయిందనుకున్న స్పందన విరామం తర్వాత తనంతట తానే తిరిగొస్తుందని పావ్‌లోవ్ చెప్పాడు కదా, మనవాళ్లు అయత్నసిద్ధ స్వాస్థ్యం అని బట్టీపట్టేది. ఆ బిట్టు గుర్తున్న టీచరుకు ఆ పిల్లవాడు గుర్తురాడు.

ఆల్బర్ట్ భయాన్ని పోగొట్టకుండానే వాట్సన్ వదిలేశాడు. నాలుగేళ్ల తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆమె ఆ పని చేసి చూపింది. మనస్తత్వశాస్త్రంలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఈమె కథే. మా సిలబస్‌లో మాత్రం ఒక్క లైను దక్కలేదు. పీటర్ అనే మూడేళ్లలోపు పిల్లవాడికి కుందేలంటే భయం. ఆమె మొదట చేసింది, కుందేలంటే భయం లేని మరో ముగ్గురు పిల్లల మధ్య వాణ్ని ఆడుకోనివ్వడం. వాళ్లు కుందేలును ముట్టుకుంటుంటే పీటర్ చూశాడు. క్రమంగా దగ్గరికొచ్చాడు. మధ్యలో జ్వరమొచ్చి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. పైగా ఒక పెద్ద కుక్క బెదరగొట్టింది. భయం మొదటికొచ్చింది. ఆమె విసుక్కోలేదు. ఈసారి వాడికిష్టమైన తిండి పెడుతూ, కుందేలును గదికి ఆ చివర ఉంచి, రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. చివరికి ఆ కుందేలు తన వేళ్లను కొరుకుతుంటే పీటర్ ఊరుకున్నాడు. లెక్కలంటే హడలిపోయే పిల్లవాడికి కావలసింది ఇదే. భయం లేనివాళ్ల పక్కన కూర్చోబెట్టాలి. వాడు తప్పకుండా చెయ్యగలిగిన లెక్కతో మొదలుపెట్టాలి. మధ్యలో వెనకబడితే మళ్లీ మొదటినుంచి రావాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఓపిక కావాలి, ఆ ఓపికకు తగిన సమయమూ కావాలి. యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చెయ్యడానికి పోయే సమయంలో సగం చాలని మా పూర్వ విద్యార్థులు అంటుంటారు. నేను కాదనలేకపోయాను.

ఇక అసలు విషయం, చూసి నేర్చుకోవడం. ఏ ఊళ్లోనైనా సాయంత్రం పూట ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల 'టీచరాట' ఆడుతుంటే నిలబడి చూడండి. అరుగు మీద స్తంభాలే విద్యార్థులు. చేతిలో కానుగ పుల్ల. 'ఏయ్, నువ్వు, లే! హోంవర్కేదీ? నోరు లేదా?' ఒక్కొక్క స్తంభానికీ రెండేసి దెబ్బలు. చున్నీని చీర కొంగులా భుజమ్మీద వేసుకుని, కళ్లద్దాలు సర్దుకున్నట్టు ముక్కు మీద వేలు పెడుతుంది. ఆ పిల్ల బడిలో ఎప్పుడూ దెబ్బ తినకపోయి ఉండొచ్చు, ఫస్టు బెంచీలో కూర్చునే పిల్లే కావచ్చు. చూసింది, అంతే.

ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ స్కూల్లో 72 మంది పిల్లలతో చేసిన ప్రయోగం ఈ అరుగు మీదిదే. ఒక గుంపు పిల్లల ముందు ఒక పెద్దమనిషి గాలి నింపిన బోబో బొమ్మను పడేసి, మీద కూర్చుని, సుత్తితో తలమీద కొట్టి, తిట్టాడు. పిల్లలకు ఎవరూ ఏమీ నేర్పలేదు, బహుమతీ ఇవ్వలేదు. తర్వాత బొమ్మ ఉన్న గదిలో ఆడుకోవడానికి వదిలితే ఆ దెబ్బలనే, ఆ తిట్లనే అచ్చుగుద్దినట్టు దించారు. 1965లో, ఈసారి పిల్లలకు సినిమా వేసి, ఆయన ఇంకో సంగతి చూపించాడు. బొమ్మను కొట్టినవాడికి సినిమా చివర శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువ అనుకరించారు. కానీ 'వాడు చేసినవన్నీ చేసి చూపిస్తే బహుమతిస్తాం' అనగానే వాళ్లు కూడా మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. నేర్చుకోవడం ముందే అయిపోయింది. బయటపెట్టడం మాత్రమే ఆగింది.

మంత్రిగారూ, ఈ 1965 ప్రయోగాన్ని మన శాఖకు అన్వయించి చూడండి. పిల్లవాణ్ని కొట్టిన వీడియో వాట్సాప్‌లో తిరిగితే టీచరు సస్పెండవుతారు. మిగతా టీచర్లు అది చూస్తారు. కొట్టడం మానేస్తారా? తలుపు వేసి కొడతారు, ఫోనున్న పెద్ద పిల్లల జోలికి పోకుండా చిన్నవాళ్లను కొడతారు, 'ఇంట్లో చెప్పావంటే చూడు' అంటారు. పిల్లవాడు టీచరు ఎదుట గోల ఆపినట్టే టీచరు కెమెరా ఎదుట బెత్తం ఆపుతారు. సస్పెన్షన్లు వద్దనడం లేదు. పిల్లవాడి చెయ్యి విరిగితే కేసు పెట్టాల్సిందే. బెత్తం మానిపించే పద్ధతి మాత్రం అది కాదు.

ఒక తనిఖీ గురించి చెప్పాలి. ఊరూ పేరూ వద్దు. ఓ హైస్కూల్లో ప్రార్థన సమయానికి అధికారి వచ్చారు. మరుగుదొడ్ల దగ్గర నీళ్లు లేవని పిల్లలందరి ఎదుటే హెడ్మాస్టరును 'జీతం దేనికయ్యా నీకు, గాడిదలు కాస్తున్నావా?' అన్నారు. ఆయన తలవంచుకుని నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం టీచరు లేని తొమ్మిదో తరగతి గది ముందు నుంచి వెళ్తున్నాను. బోర్డు మీద 'మాట్లాడినవారి పేర్లు' అని రాసి ఉంది. కొన్ని పేర్ల పక్కన ఇంటూలు, ఇంటూల పక్కన ఇంటూలు. లీడరు పిల్లవాడు స్కేలు ఊపుతూ వెనకబెంచీ వాడితో అంటున్నాడు: 'గాడిదలు కాస్తున్నావారా?' ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నీళ్లు లేవన్న మాట నిజమే, అడగాల్సిందే. ఆఫీసు గదిలో తలుపు వేసుకుని అడిగితే నీళ్లు రావా?

అందుకని నా విన్నపాల్లో మొదటిది టీచర్ల గురించి కాదు, అధికారుల గురించి. పిల్లల ఎదుట టీచర్ని గాని హెచ్ఎంను గాని మందలించకూడదని, ఏకవచనంతో పిలవకూడదని తనిఖీ సూచనల్లో ఒక వాక్యం చేర్చండి. మీ పర్యటనల్లో కూడా, కెమెరాలు ఉన్నా సరే, దాన్ని పాటించండి. కింది అధికారులు మీరు ఇచ్చే మెమోకన్నా మీ పద్ధతినే ఎక్కువ గమనిస్తారు.

రెండోది కొత్తవాళ్ల గురించి. 16,347 పోస్టులతో ప్రకటించిన మెగా డీఎస్సీ ద్వారా చేరిన టీచర్లు ఇంకా ఏ అలవాటూ గట్టిపడని దశలో ఉన్నారు. వాళ్లకు హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే శిక్షణ చాలదు. చూసి నేర్చుకోవాలంటే అవధానం (దృష్టి పెట్టడం), ధారణ (గుర్తుంచుకోవడం), పునరుత్పాదన (చేసి చూపడం), ప్రేరణ నాలుగూ కావాలని బండూరా అంటే, మన శిక్షణ మొదటిదాని దగ్గరే, భోజనం తర్వాత, కునికిపాట్లు పడుతుంది. ప్రతి మండలంలో బెత్తం లేకుండా తరగతి నడిపే టీచర్లు ఒకరిద్దరైనా ఉంటారు; ఎంఈవోలకు (మండల విద్యాధికారులకు) వాళ్లెవరో తెలుసు. కొత్త టీచరును కొన్నాళ్లు ఆ గదిలో వెనక బెంచీలో కూర్చోనివ్వండి. గోల లేచినప్పుడు ఆ గది టీచరమ్మ గొంతు పెంచకుండా తగ్గించి ఎలా మాట్లాడుతుందో, పుస్తకం తెరిచిన ముగ్గుర్ని పేరుపెట్టి ఎలా మెచ్చుకుంటుందో, మిగతావాళ్లు వాళ్లను చూసి ఎలా పుస్తకాలు తీస్తారో చూడనివ్వండి. తర్వాత అదే గదిలో కొత్తవాళ్ల చేత పాఠం చెప్పించండి. బెత్తంలా వెంటనే ఫలితమిచ్చే ఇంకో పని చేతికి అందితే తప్ప బెత్తం కింద పెట్టరు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలను కూడా ఇందుకు వాడుకోవచ్చు.

బెత్తం స్థానంలో స్టార్లు, ర్యాంకులు తెస్తే సరిపోతుందని ఎవరైనా మీకు సలహా ఇస్తే కాస్త ఆగండి. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లలకు ముందే సర్టిఫికెట్ ఆశ చూపి వేయిస్తే, తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మల జోలికి వెళ్లడం తగ్గిపోయిందని లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో చూపించారు. పదో తరగతి ఫలితాల రోజున ఊరంతా కట్టే ఫ్లెక్సీల్లో ఉన్న ముఖాలను చూసి, లేనివాళ్లు ఏం నేర్చుకుంటున్నారో అడిగినవాళ్లు తక్కువ.

చివరిది పరీక్ష గురించి. టెట్ సైకాలజీ పేపర్లో 'కుక్కపై ప్రయోగం చేసినవారెవరు' అనే ప్రశ్న తీసేసి, పైన చెప్పిన మధ్యాహ్నం పీరియడ్‌నో, సోమవారం కడుపునొప్పినో ఇచ్చి 'ఇప్పుడేం చేస్తావు' అని అడిగించండి. నాలుగు ఆప్షన్లతోనే అడగొచ్చు, కష్టమేమీ కాదు. కోచింగ్ సెంటర్లు ఆర్నెల్లలో సర్దుకుంటాయి. వాళ్లకు ఫలిత నియమం మనకన్నా బాగా తెలుసు. తదుపరి నోటిఫికేషన్‌కు ముందు సిలబస్ కమిటీ కూర్చునేటప్పుడు, ప్రొఫెసర్లతో పాటు ఐదో తరగతి దాకా ఒంటిచేత్తో నడుపుతున్న ఎస్జీటీలను ఇద్దరిని పిలవండి. అడిగితే ఎవరిని పిలవాలో పేర్లు చెబుతాను. వాళ్ల టేబుళ్ల మీద బెత్తం లేదు, నేను వెళ్లి చూసే చెబుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత డైట్ లెక్చరర్