మంట ఎక్కడ రేగిందో చెబుతున్నారు, ఎంత కాలిందో కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఫిబ్రవరిలో నల్లమల ఆకు రాల్చడం మొదలుపెట్టగానే, ఫలానా జిల్లా అడవుల్లో ఉపగ్రహాలు ఇన్ని చోట్ల మంటలను గుర్తించాయన్న వార్తలు పత్రికల్లో కనబడుతుంటాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉండే నాబోటివాడికి ఆ అంకె చూడగానే కలిగే సందేహం ఒకటే: ఇంతకీ కాలిన అడవి ఎన్ని ఎకరాలు?

దెహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో కార్చిచ్చులను గుర్తించి రాష్ట్రాలకు తెలియజేస్తోంది. ఆ ఉపగ్రహాల్లో ఉండే మోడిస్ అనే పరికరం నేల మీది వేడిని కిలోమీటరు గడుల్లో చూస్తే, తర్వాత వచ్చిన విర్స్ అనే పరికరం 375 మీటర్ల గడుల్లో చూస్తుంది. అంటే ఒక్కో గడి దాదాపు 35 ఎకరాలు. అందులో ఎకరం బోదగడ్డి భగ్గున మండినా మ్యాపు మీద ఒక చుక్కే, ముప్పై ఎకరాలు కాలినా ఒక చుక్కే. పైగా ఈ ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం, మళ్లీ అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటన్నర ప్రాంతంలో. సాయంత్రం అంటుకున్న మంటను ఫైర్ వాచర్లు పచ్చికొమ్మలతో కొట్టి రాత్రి పదింటికల్లా ఆర్పేస్తే అది ఏ లెక్కలోకీ రాకపోవచ్చు. ఈ హెచ్చరికలను నేను తక్కువ చేయడం లేదు. కొండ అవతల రేగిన మంట కబురు ఫోనుకు రావడం అడవిని కాపాడేవారికి ఎంతో ఆసరా. కానీ చుక్కలు లెక్కపెట్టి అదే నష్టమనుకోవడం సరికాదు.

నష్టాన్ని కొలిచే దారి వేరే ఉంది. పచ్చని ఆకు, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. కాలిన నేల దాన్ని అంతగా పంపదు కానీ, అంతకంటే పొడవైన తరంగాల పరారుణ కాంతిని ఎక్కువగా పంపుతుంది. మంటకు ముందూ తర్వాతా తీసిన చిత్రాలను ఈ రెండు కాంతుల్లో పోల్చి, కాలిన మేరను 20 మీటర్ల గడుల్లో గీయవచ్చు. అయిదు రోజులకోసారి వచ్చే సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు అందరికీ ఉచితమే, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. అయితే మనవి ఆకురాల్చే అడవులు కనుక మోడువారిన కొండ కూడా కాలినట్టే భ్రమ కలిగించవచ్చు, తొలి వానలకు మసి కొట్టుకుపోతుంది. అందుకే చిత్రాలను వెంటవెంటనే పోల్చి, కొన్ని చోట్లకైనా అక్కడి బీట్ (అటవీ శాఖలో అతిచిన్న కాపలా విభాగం) సిబ్బందిని పంపి సరిచూసుకోవాలి.

కిందటి ఏప్రిల్‌లో శ్రీశైలం రోడ్డు పక్కన కాలిన చోట ఆగి చూశాను. పెద్ద చెట్లు నిలబడే ఉన్నాయి, మొదళ్లకు మాత్రం మోకాలెత్తున మసి పట్టింది. వంగి చూస్తే జానెడు నల్లమద్ది, ఏగిస మొక్కలు నల్లటి పుల్లలై ఉన్నాయి, వేలు తగిలితే విరిగిపోయాయి. రెండు వానలు పడ్డాక అక్కడే గడ్డి ఏపుగా లేచింది, బస్సులో పోయేవారికి అడవి కోలుకున్నట్టే ఉంటుంది. అదే చోటు ఏటా కాలితే పెద్ద చెట్ల తరం ముగిశాక నిలిచేదేమిటి?

అందువల్ల ఏ చోటు ఎన్నేళ్లలో ఎన్నిసార్లు కాలిందన్నదే అన్నిటికంటే అవసరమైన లెక్క. 30 మీటర్ల గడుల్లో తీసిన ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1980ల నుంచీ ఉన్నాయి, 2008 నుంచి వాటికి రుసుము కూడా లేదు. అటవీ సర్వేక్షణ సంస్థ పాత మంటల ఆధారంగా 5 కిలోమీటర్ల గడుల్లో ముప్పును అంచనా వేసింది. దేశమంతటికీ అది పనికొస్తుంది కానీ, ఏ వాగు పక్కన ఫైర్ లైన్ (మంట దాటకుండా గడ్డీ ఆకూ తొలగించిన పట్టీ) తీయాలో 25 చదరపు కిలోమీటర్ల గడి చెప్పజాలదు. ఇక మన అడవుల్లో మంటలు చాలావరకు మనుషుల వల్లే అంటుకుంటాయి: తునికాకు కొత్త చిగురు కోసం, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రం చేయడం కోసం, ఆర్పకుండా పారేసిన బీడీ వల్ల. ఆ కారణం ఉపగ్రహానికి కనబడదు, పెంటల్లో (అడవిలోని గూడేల్లో) ఉండే చెంచులకు తెలుసు.

కాబట్టి అటవీ శాఖ ఈ వేసవిలో కాలిన మేరను బీట్ల వారీగా మ్యాపు గీసి, ఎకరాలతో సహా తెలుగులో ప్రజల ముందు పెట్టాలని, పదే పదే కాలుతున్న చోట్ల జాబితాను డిసెంబరులోగా చెంచు పెంటలకు తీసుకెళ్లి, ఫైర్ లైన్లు ఎక్కడ తీయాలో వారితో కూర్చుని నిర్ణయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా